మొట్టికాయ వెయ్యనన్న పిల్ల

ట్రైనింగు పూర్తి చేసుకుని కొత్తగా బడుల్లో చేరే అమ్మాయిలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అందరూ అడిగేది ఒకటే. "తరగతిలో అల్లరిని ఎలా అదుపు చెయ్యాలి మామ్మగారూ?" ఎవరి అల్లరి అని నేను తిరిగి అడుగుతాను. హాస్యానికి అన్నాననుకుని నవ్వుతారు. నేను హాస్యానికి అనలేదు.

అనకాపల్లిలో ఒక ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలలో నేను మొదట ఆయాగా, తరువాత పంతులమ్మగా పనిచేశాను. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో ఇక్కడ రాయను. అవన్నీ ఆఫీసులో ఉంటాయి. ఆఫీసులో లేనిది ఒకటుంది. ముప్పై నాలుగో ఏట, ఏడేళ్ళ పిల్లల పక్కన బల్ల మీద కూచుని నేను అక్షరాలు దిద్దాను. అందుచేత పంతులమ్మ కుర్చీలోంచి కనిపించే తరగతి కంటే ముందు పిల్లల బల్ల మీంచి కనిపించే తరగతిని చూశాను. ఆ రెండూ ఒకటి కావు. మీకు పాఠం చెప్పిన పెద్దలు ఈ మాట ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే మానెయ్యమనండి.

ఆయా పని

ఆ రోజుల్లో ఆడపిల్లలు తమంతట తాము బడికి నడిచి రావడం ఉండేది కాదు. ఆయా ఇంటింటికీ వెళ్ళి తీసుకురావాలి, సాయంత్రం ఇంటింటికీ అప్పగించాలి. ఉదయం ఎనిమిదికి బయలుదేరి నాలుగు వీధులు తిరిగి పిల్లల్ని పోగుచేసేసరికి బడిగంట వేళయ్యేది. బెల్లం రోజుల్లో సరుకు మోసే ఎడ్లబళ్ళు దారంతా నిండి ఉండేవి. ఆ బళ్ళ మధ్యనుంచి అందరినీ దాటించి, బెల్లం దిమ్మల్ని గోళ్ళతో గీరుకు తినేవాళ్ళని రెక్క పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. ఆయాకి జ్వరం వస్తే ఆ రోజు బడికి సెలవిచ్చినట్టే. పిల్లలు రారు.

సాయిబుల వీధిలో ఖాదర్ సాయిబు గిన్నెలకి కళాయి వేసేవాడు. ఆయన కూతురు జుబేదా. ఆ వీధినుంచి బడికి పిల్లని తీసుకురావడం నాకు అదే మొదలు. జుబేదా తల్లి తలుపు చాటునుంచి సరేనంది. సాయిబు మాత్రం కొలిమి తిత్తి ఊదుతూ ఒక షరతు పెట్టాడు.

"పంపుతాను గానీ అప్పలనరసమ్మా, ఒక్క మాట. మా పిల్ల మీద బళ్ళోంచి ఒక్క ఫిర్యాదొచ్చిందా, ఆ రోజుతో సదువు బంద్. వీధిలో పదిమంది నోట్లో పడే పని నాకొద్దు."

"రాదు బాబూ. నాదీ పూచీ."

పిల్లలు ఏం చేస్తారో, దాన్ని పెద్దవాళ్ళు ఏమంటారో నాకప్పటికి తెలియదు. తెలియకుండానే పూచీ పడ్డాను.

బల్ల మీంచి చూస్తే

నా పెనిమిటి కూలిపనికి బర్మాలోని రంగం వెళ్ళాడు. అక్కడినుంచి వచ్చే ఉత్తరాలు పక్కింటాయన చదివిపెట్టేవాడు. నాకు చెప్పేలోపే ఆయన భార్యకి తెలిసేవి, ఆవిడ నోటిమీదుగా వీధికి తెలిసేవి. యుద్ధం వచ్చాక ఉత్తరాలు ఆగిపోయాయి. మనిషీ తిరిగి రాలేదు. పెట్టెలో ఉన్న పాత ఉత్తరాలు బయటికి తీసి వాటికేసి చూస్తూ కూచునేదాన్ని. చూడడమే గాని చదవడం లేదు. అందుకే ఒకరోజు పెద్ద పంతులమ్మ కామేశ్వరమ్మగారిని అడిగాను.

"పిల్లల్ని దించేసి సాయంత్రం దాకా గుమ్మంలో కూచుంటున్నానండి. ఆ కూచునేదేదో లోపల కూచుంటానండి, అమ్మగారూ."

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశారు. "కూచో. కానీ ఒకటి విను. గదిలోకి వచ్చాక నువ్వు ఆయావి కావు, పెద్దదానివీ కావు. అందరికీ ఉన్న నియమమే నీకూ. నీకొకటి, వాళ్ళకొకటి పెడితే రేపటినుంచి నా మాట ఎవరూ వినరు."

ఆవిడ గురించి ఒక్క మాట చెప్పాలి. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ కాలంలో ఒక ఆయాని తరగతిలో కూచోబెట్టుకున్న పెద్ద పంతులమ్మలు ఎందరున్నారో నాకు తెలియదు. మాటంటే మాటే. ఆ గుణం వల్లే నాకు చదువొచ్చింది, ఆ గుణంతోనే నాకు పేచీ వచ్చింది.

లోపల కూచున్న మొదటి నెలలోనే నాకు ఒక సంగతి అర్థమైంది. పిల్లలకి తప్పులు తెలియవనుకోవడం పెద్దవాళ్ళ అమాయకత్వం. వాళ్ళ చట్టం వాళ్ళకుంది. పాఠం మధ్యలో మాట్లాడడం అందులో తప్పు కాదు. కునుకు తియ్యడం తప్పు కాదు, పొద్దున్నే నీళ్ళు మోసి వచ్చిన పిల్ల నిద్రపోతుందని అందరికీ తెలుసు. కొంగులో బెల్లంముక్క తెచ్చుకుని తినడం తప్పు కాదు, పక్కదానికి పెట్టకుండా తినడం తప్పు. పక్క పలక చూసి రాసుకుంటే ఎవరూ ఏమీ అనరు. చెయ్యి అడ్డం పెట్టి పలక దాచుకున్న పిల్లతో మాత్రం రెండు రోజులు ఎవరూ మాట్లాడరు. చాడీ చెప్పిన పిల్లకి ఆటలో చోటుండదు. పంతులమ్మలకీ తప్పులుండేవి ఆ చట్టంలో. ఒకరి మీద కోపం ఇంకొకరి మీద చూపడం, పిల్ల అడిగిన ప్రశ్నకి తనకి జవాబు రాకపోతే ఆ పిల్లని కసరడం, ఇంటి సంగతి ఎత్తి దెప్పడం. వీటికి శిక్ష ఏమిటంటే, ఆ పంతులమ్మ చెప్పే కథకి ఎవరూ నవ్వరు. ఆ శిక్ష పడిందని పంతులమ్మకి తెలియను కూడా తెలియదు.

తరువాత నేను పంతులమ్మనయ్యాక ప్రతి ఏడూ మొదటివారంలో పిల్లల్ని అడిగేదాన్ని, ఈ గదిలో ఏది తప్పో మీరు చెప్పండని. ఒక ఏడాది రాంబిల్లివైపునుంచి వచ్చిన చేపలవాళ్ళ పిల్ల లేచి, "మీరు నా దగ్గరికొచ్చినపుడు ముక్కు మీద కొంగు ఎట్టుకుంటన్నారండి" అంది. ఆ రోజు నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిజమే, పెట్టుకుంటున్నాను. నాకే తెలియకుండా. అప్పటికి నాకు పదేళ్ళ అనుభవం.

మొట్టికాయ

ఇక అసలు సంగతి. మా బడిలో ఒక పద్ధతి ఉండేది. మా బడిలోనే కాదు, చాలాచోట్ల ఉండేది. పంతులమ్మ ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు రానివాళ్ళు వరసగా నిలబడతారు. వచ్చిన పిల్ల లేచి, నిలబడ్డ వాళ్ళందరికీ తలా ఒక మొట్టికాయ వేస్తూ వెళ్ళి తన చోట కూచుంటుంది. పంతులమ్మ చెయ్యి నొప్పెట్టదు. పిల్లలకి పౌరుషం వస్తుందని పెద్దల నమ్మకం. పిల్లల చట్టం దీనికీ ఒక దారి చూసుకుంది. వేళ్ళు ముడిచి చప్పుడు వచ్చేలా, దెబ్బ తగలకుండా వెయ్యాలి. గట్టిగా వేసిన పిల్ల దుర్మార్గురాలు.

నేను మూడో తరగతికి వచ్చేసరికి జుబేదా కూడా అదే తరగతిలో ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల. లెక్కల్లో చురుకు. ఒకరోజు కామేశ్వరమ్మగారు పదమూడో ఎక్కంలో ప్రశ్న వేశారు. నాకు రాలేదు. ఇంకో ఐదుగురికి రాలేదు. లేచి నిలబడ్డాం. ఐదుగురు పిల్లల పక్కన నేను కొబ్బరిచెట్టులా ఉన్నాను. జుబేదా జవాబు చెప్పి, ఐదుగురికీ చప్పుడుగా మొట్టికాయలు వేసి, నా ముందుకొచ్చి ఆగిపోయింది.

నేను తల వంచాను, దానికి అందాలని. అది చెయ్యెత్తలేదు.

"వెయ్యి" అన్నారు పంతులమ్మగారు.

"నేనెయ్యనండి."

"ఏం?"

"ఆయమ్మ పెద్దదండి."

"ఈ గదిలో ఆయమ్మ లేదు. మూడో తరగతి పిల్ల ఉంది. వెయ్యి."

"ఎయ్యనండి."

ఎక్కడా కోపం లేదు ఆ పిల్ల గొంతులో, భయమూ లేదు. కామేశ్వరమ్మగారికి అదే ఎక్కువ కష్టమనిపించిందేమో. "బయట నిలబడు. వేస్తానన్న రోజు లోపలికి రా" అన్నారు.

ఒకరోజు అయింది, రెండో రోజూ అయింది. పిల్ల వరండాలో స్తంభం పక్కన నిలబడే ఉంది. కిటికీలోంచి లోపలి పాఠం వింటూ పెదవులు కదుపుతోంది. మూడో రోజుకీ లోపలికి రాకపోతే ఇంటికి కబురు వెళ్ళడం ఆ బడి ఆనవాయితీ. కబురు వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. రెండో సాయంత్రం మిగతా పిల్లల్ని అప్పగించాక దాన్ని బతిమాలాను.

"ఒక్కటెయ్యవే తల్లీ. నాకేటవుద్ది?"

"నీకేటీ అవదు ఆయమ్మా. నాకవుద్ది."

"మీ అయ్య సదువు మాన్పించేత్తాడే."

"మాన్పిత్తే మాన్పించనీ. ఆ సదువు రెండు ముక్కలూ నువ్వొచ్చి మా ఇంటికాడ సెప్పు."

"నాకే రాలేదు గదే, నేనేటి సెప్తాను!"

"మరదే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను చేసిన తప్పు

మూడో రోజు పొద్దున్న గంట కొట్టగానే నేను వరండాలోకి వెళ్ళాను. అందరూ చూస్తుండగా జుబేదా చెయ్యి పట్టుకుని, వేళ్ళు ముడిచి, నా నెత్తిమీద నేనే టక్కుమని కొట్టించుకున్నాను. "ఏసేసిందండి అమ్మగారూ, సూసేరు గదా" అన్నాను. పిల్లలు గొల్లుమన్నారు. కామేశ్వరమ్మగారి ముఖం కూడా కొంచెం సడలింది. "సరే, లోపలికి రా" అన్నారు.

గండం గడిచిందని నేను సంబరపడ్డాను. జుబేదా తన చేతికేసి చూసుకుంటూ వచ్చి కూచుంది. ఆ వేళంతా నాకేసి చూడలేదు. సాయంత్రం దారిలో నా పక్కన నడవలేదు, నాలుగడుగులు ముందు నడిచింది. ముందు బల్లలో కూచునే ఆరిందా ఒకత్తి, చెప్పాల్సింది నాకు చెప్పేసింది.

"నువ్వు తొండి ఆడేవు ఆయమ్మా. అది ఎయ్యనంటే నువ్వెయించేవు."

"దాని కోసమే గదే!"

"అదడిగిందేటి?"

అదడగలేదు. నేను దాన్ని కాపాడాననుకున్నాను. ఆ పిల్ల రెండు రోజులు వరండాలో నిలబడి దక్కించుకున్నదాన్ని ఒక్క నిమిషంలో దాని చేతిలోంచి లాగేశాను. పైగా పదిమందిలో నవ్వులపాలు చేశాను. అమ్మాయిలూ, మీరూ చేస్తారిది. "పోనీ సారీ చెప్పెయ్, అయిపోతుంది" అంటారు. అయిపోయేది మీకు. పిల్లకి అక్కడినుంచి మొదలవుతుంది.

మర్నాటినుంచి జుబేదా ఏ ప్రశ్నకీ చెయ్యెత్తలేదు. జవాబు వచ్చినవాళ్ళు మొట్టికాయలు వెయ్యాలి కాబట్టి, తనకి రాదని రానివాళ్ళతో నిలబడి మొట్టికాయ తినేది. వారం తిరిగేసరికి ఇంకో నలుగురు పిల్లలు అలాగే నిలబడడం మొదలుపెట్టారు. అప్పటిదాకా టకటకా చెప్పిన ఎక్కాలు ఒక్కసారిగా ఎవరికీ రాకుండా పోయాయి. కామేశ్వరమ్మగారు తెలివితక్కువ మనిషి కాదు. మూలం ఎక్కడుందో కనిపెట్టారు. ఒక సాయంత్రం నన్ను పిలిచి మడత పెట్టిన కాగితం చేతిలో పెట్టారు.

"సాయిబుకి ఇయ్యి. చెప్పిన పని చెయ్యనంది, పిల్ల కదా అని ఊరుకున్నాను. ఇప్పుడు తెలిసీ తెలియనట్టు నిలబడుతోంది, మిగతావాళ్ళకీ నేర్పింది. ఇది మోసం. ఇంట్లో తెలియాలి."

కాగితం

పిల్లలు వరండాలో చెప్పులు తొడుక్కుంటుంటే నేను గోడవారకి వెళ్ళి మడత విప్పాను. ఎవరి సాయమూ లేకుండా మొదటినుంచి చివరిదాకా నేను చదివిన మొదటి ఉత్తరం అదే. "మీ కుమార్తె తరగతిలో పెడసరముగా ప్రవర్తించుచున్నది. ఉపాధ్యాయిని ఆజ్ఞను ధిక్కరించినది. ఇతర బాలికలను చెడగొట్టుచున్నది. మీరు తగిన విధముగ దండింపవలెను." ఒక్కొక్క ఒత్తూ కూడబలుక్కుంటూ చదివాను. చదివాక, చదువు నేర్చుకున్నది ఇందుకా అనిపించింది.

సాయిబుల వీధికి వెళ్ళాం. జుబేదా నాకేసి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. సాయిబు రాగిబిందెకి లోపల తగరం పూస్తూ తలెత్తాడు.

"సేతిలో కాయితమేటమ్మా? బళ్ళోదా?"

"అవును బాబూ."

"నాకు తెలుగు సదవడం రాదు గదా. నువ్వు నేర్సుకున్నావంట, సదువు సూద్దాం."

అప్పుడు నా చేతిలో ఎంత అధికారం ఉందో చూడండి. మీ పిల్ల బాగా చదువుతోందని రాశారంటే ఆయన నమ్ముతాడు. రేపు బడిలో ఇచ్చేశానంటే పంతులమ్మగారు నమ్ముతారు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ వారం కిందటే ఒక పిల్ల చేతిని దానికి చెప్పకుండా వాడుకున్నాను. ఇప్పుడు పంతులమ్మగారి చేతిరాతనీ అలాగే వాడుకోవాలా?

"ఇది నీకిచ్చేది కాదు బాబూ. తిరిగెళ్ళిపోవాల" అన్నాను.

"మరి ఇక్కడిదాకా ఎందుకు మోసుకొచ్చేవు?"

"బుద్ధి లేక" అన్నాను. ఆయన నవ్వి మళ్ళీ బిందె తిప్పుకున్నాడు.

మర్నాడు ఎనిమిదికి నేను ఏ ఇంటికీ వెళ్ళలేదు. తిన్నగా బడికి వెళ్ళి, జుబేదా నిలబడ్డ స్తంభం పక్కన నిలబడ్డాను. పదిగంటలకి కామేశ్వరమ్మగారు వచ్చారు. ఖాళీ బల్లలు చూశారు. బడి గోడని ఆనుకున్న ఇళ్ళలోని ముగ్గురు పిల్లలు తప్ప గదిలో ఎవరూ లేరు.

"పిల్లలేరీ?"

"తేలేదండి."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండి. మీరిచ్చిన కాయితం సాయిబుకివ్వలేదండి. ఇవ్వను కూడానండి. చెప్పిన పని చెయ్యకపోతే బయట నిలబడాలి గదండీ. నీకొకటి, వాళ్ళకొకటి ఉండదని మీరే అన్నారు."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నిన్ను నేను నిలబెట్టలేదే."

"తప్పు సేసేను గదండీ. మీరొచ్చేదాకా ఆగడమెందుకని."

"వెటకారమా?"

"కాదండి. ఆ పిల్ల సేసిందే నేనూ సేసేను. దానికి బడి పోతే నాకూ పనిపోవాల. నాకు పనుంటే దానికి బడుండాల. ఏదో ఒకటి మీరే సెప్పండి."

కాగితం కొంగులో దాచుకున్నాను, కనిపించకుండా. ఆ పని పోతే నాకు ఇంకో పని లేదు. బుచ్చయ్యపేటలో అన్నగారి చెరుకుతోటలో ఆకు కొట్టుకోవాలి. అయినా ఆ క్షణాన నేనన్నదానికంటే నాకు నమ్మకంగా అనిపించిన మాట ఇంకోటి లేదు.

ఆవిడ గదిలోకి వెళ్ళిపోయారు. చాలాసేపటికి లోపలి పిల్లలు ఎక్కం చదవడం వినిపించింది. మధ్యలో ఆవిడ ప్రశ్న వేశారు. ఒక పిల్ల జవాబు చెప్పింది. ఇద్దరికి రాలేదు. ఇక మొట్టికాయల చప్పుడే రావాలి. రాలేదు. "కూచోండి. రేపు నేర్చుకు రండి" అన్న ఆవిడ గొంతు వినిపించింది. అన్నేళ్ళలో ఆవిడ నోట ఆ మాట అదే మొదటిసారి.

తరువాత గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాచారు. కాగితం ఇచ్చాను. దాన్ని నాలుగు ముక్కలు చేశారు.

"వెళ్ళి పిల్లల్ని తీసుకురా. నీ సంగతి వేరే చూస్తాను."

నేను ఇంటింటికీ పరిగెత్తాను. జుబేదా గడపలోనే కూచుని ఉంది.

"ఇంతసేపేటి ఆయమ్మా?"

"బయట నిలబడ్డానే."

"ఎవరు నిలబెట్టేరు?"

"నేనే నిలబడ్డాను."

గడపమీంచి లేచింది. "అలా సెల్లదు. పంతులమ్మే నిలబెట్టాల" అంది. మళ్ళీ నాలుగడుగులు నడిచాక, "పోనీలే, సగం సెల్లుద్ది" అంది. ఆ రోజు నా పక్కనే నడిచింది.

నా మీద రాసిన మాట

కామేశ్వరమ్మగారు అన్నంత పనీ చేశారు. మొట్టికాయలు మానేశారు, నన్నూ వదల్లేదు. నా ఉద్యోగం కాగితాల్లో తన చేత్తో ఒక వాక్యం రాశారు, అధికారుల ఆజ్ఞను ధిక్కరించు స్వభావము కలదని. ఆవిడ లెక్కలో రెండూ న్యాయమే. నాకూ కోపం రాలేదు.

కొన్నేళ్ళకి ఎనిమిదో తరగతి ప్యాసై, పంతులమ్మ ట్రైనింగుకి దరఖాస్తు పెట్టాను. ఎంపిక చేసే పెద్దావిడ ఆ కాగితం మీద వేలు పెట్టి అడిగారు.

"ఇది నిజమేనా?"

"నిజమేనండి."

"మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే?"

"మళ్ళీ అదే చేస్తానండి."

ఆ ఏడు నన్ను తీసుకోలేదు. మరుసటేడు మళ్ళీ వెళ్ళాను. అదే కాగితం, అదే ప్రశ్న. నా జవాబూ అదే. ఆ ఏడు తీసుకున్నారు.

ఆ వాక్యం కొట్టివేయించుకోమని తోటివాళ్ళు చాలాసార్లు చెప్పారు, ఒక అర్జీ పెడితే పోతుందని. నేను పెట్టలేదు. జుబేదా ఐదో తరగతి పూర్తిచేసే దాకా బడినుంచి ఆ ఇంటికి ఒక్క ఫిర్యాదు వెళ్ళలేదు. వెళ్ళాల్సిన ఫిర్యాదు నా కాగితాల్లోకి వచ్చి కూచుంది. నేను ఉద్యోగం వదిలిపెట్టిన రోజుకీ అది అక్కడే ఉంది. ఉండనివ్వండి.